మళ్లీ మళ్లీ వచ్చే తరగతులను డేటాబేస్‌లో ఎలా దాచాలి: నియమంగానా, ఒక్కో తరగతికి ఒక్కో రికార్డుగానా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లోని ఒక కర్ణాటక సంగీత పాఠశాల కోసం మీరు ఆన్‌లైన్ తరగతుల అప్లికేషన్ రాస్తున్నారు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ప్రతి బ్యాచ్‌కూ మొదటి తరగతి సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) పెట్టి, పక్క కాలమ్‌లో 604800 సెకన్ల విరామం రాశారు. వారం తిరిగినప్పుడల్లా ఆ అంకెను కలుపుకుంటూ పోతున్నారు. నవంబరు రాగానే డాలస్‌లోని తల్లిదండ్రులు "తొమ్మిదింటికి జరగాల్సిన తరగతి ఎనిమిదింటికే మొదలైంది" అని ఫిర్యాదు చేశారు. పండుగకు రద్దు చేసిన తరగతి మళ్లీ తెర మీద ప్రత్యక్షమవుతోంది. అందుకని రాబోయే అయిదేళ్ల తరగతులన్నీ ఒక్కో రికార్డుగా ముందే రాసేయాలా, లేక "ప్రతి శనివారం ఉదయం తొమ్మిదికి" వంటి నియమం మాత్రమే ఉంచాలా అని అడిగారు.

రెండూ ఉంచండి. అయితే వాటిలో మూలం నియమమే. ఒక్కో తరగతి రికార్డు ఆ నియమం నుంచి తీసిన ప్రతి మాత్రమే. అవసరమైతే చెరిపేసి మళ్లీ తీయగలగాలి. ఆ ప్రతి మీద హాజరో ఫీజో నమోదైన క్షణం నుంచి మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. అప్పటి నుంచి అది జరిగినదానికి సాక్ష్యం. నేను చాలా ఏళ్లుగా క్లినిక్‌లకు, శిక్షణ కేంద్రాలకు, షిఫ్టుల్లో పనిచేసే సంస్థలకు ఈ రకమైన వ్యవస్థలే కడుతున్నాను. పట్టికల పేర్లు మారాయి కానీ, ఈ విభజన ఎక్కడా మారలేదు.

ముందు 604800 సంగతి. వారానికి 604800 సెకన్లు అన్నది హైదరాబాద్‌లో నిజం, డాలస్‌లో ఏడాదికి రెండు వారాలు అబద్ధం. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. వేసవిలో డాలస్ ఉదయం 9 గంటలంటే యూటీసీలో 14:00, మనకు రాత్రి 7:30. నవంబరు తరువాత అదే 9 గంటలు యూటీసీలో 15:00, మనకు రాత్రి 8:30. మీ ప్రోగ్రామ్ 14:00 నే పట్టుకుని కూర్చుంది కనుక డాలస్‌లో ఎనిమిదైంది. ప్రోగ్రామ్ చెప్పింది చెప్పినట్టే చేసింది. దానికి ఇచ్చిన సమాచారంలోనే "డాలస్ తొమ్మిది" అన్న మాట లేదు.

"సమయాలన్నీ యూటీసీలోనే దాచాలి" అన్న సలహా మీకు చాలాచోట్ల కనిపించి ఉంటుంది. జరిగిపోయిన వాటికి అది సరైన సలహా. జరగబోయే వాటికి, అందులోనూ మనుషులు గడియారం చూసి హాజరయ్యే వాటికి, అది తప్పు. భవిష్యత్తులో ఒక ఊరి గడియారం యూటీసీకి ఎంత దూరంలో ఉంటుందో నిర్ణయించేది ప్రభుత్వాలు. 2022 అక్టోబరులో మెక్సికో ప్రభుత్వం దేశంలో చాలా భాగానికి వేసవి గడియారాన్ని రద్దు చేసింది. 2023 వేసవి సమావేశాలను అంతకుముందే యూటీసీలోకి మార్చి పెట్టుకున్న వ్యవస్థల్లో ఆ సమయాలన్నీ గంట తేడాతో మిగిలాయి. సమోవా 2011 చివర్లో తేదీ రేఖకు ఇటువైపు మారినప్పుడు డిసెంబరు 30 అనే రోజే అక్కడ రాలేదు.

యూటీసీతో ఇంకో చిక్కు ఉంది, అది వారం పేరుది. హైదరాబాద్‌లో సోమవారం తెల్లవారుజామున 5 గంటల సాధన తరగతి యూటీసీలో ఆదివారం రాత్రి 23:30. సమయాన్ని యూటీసీలోకి మార్చేసి "ప్రతి సోమవారం" అనే నియమాన్ని అలాగే వదిలేస్తే, తరగతి మంగళవారం తెల్లవారుజామున తేలుతుంది. నియమం, సమయం రెండూ ఒకే గడియారంలో ఉండాలి.

కాబట్టి సిరీస్ టేబుల్‌లో (ఒక బ్యాచ్ తరగతుల వరుసే సిరీస్) మూడు విషయాలు విడివిడిగా దాచండి: మొదటి తరగతి స్థానిక తేదీ–సమయం, టైమ్ జోన్ పేరు, తరగతి ఎన్ని నిమిషాలన్నది. స్థానిక సమయానికి పోస్ట్‌గ్రెస్‌లో జోన్ లేని టైమ్‌స్టాంప్ (తేదీ–సమయం) రకాన్నే వాడండి. జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ రకం పేరు చూసి చాలామంది పొరబడతారు. అది విలువను యూటీసీగా మార్చి దాచుకుంటుందే తప్ప మీరు ఏ జోన్ ఇచ్చారో గుర్తుంచుకోదు. జోన్ పేరును "ఆసియా/కోల్‌కతా", "అమెరికా/షికాగో" వంటి పూర్తి పేరుగానే రాయండి. డాలస్ ఈ రెండోదాని కిందకే వస్తుంది. "ప్లస్ 5:30" అని అంకె రాయకండి, "ఐఎస్‌టీ" అని పొట్టి పేరూ రాయకండి. పోస్ట్‌గ్రెస్ సెట్టింగులు మార్చకుండా ఉంటే ఐఎస్‌టీ అంటే అది ఇజ్రాయెల్ సమయం అనుకుంటుంది, అంటే యూటీసీకి రెండు గంటల ముందు. భారతీయ ప్రాజెక్టుల్లో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది. మూడున్నర గంటల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తోచదు.

ఇక్కడ కోడ్ కంటే ముందు గురువుగారిని అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ బ్యాచ్ ఎవరి గడియారం ప్రకారం నడుస్తుంది? డాలస్ గడియారం అంటే పిల్లలకు ఏడాదంతా ఉదయం తొమ్మిదే, గురువుకు చలికాలంలో గంట ఆలస్యమవుతుంది. హైదరాబాద్ గడియారం అంటే గురువుకు ఏడాదంతా రాత్రి ఏడున్నరే, పిల్లలు చలికాలంలో ఎనిమిదికే కూర్చోవాలి. రెండూ న్యాయమైన ఏర్పాట్లే. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఒకటి ఊహించుకుంటేనే గొడవ. బ్యాచ్ తయారుచేసే తెర మీదే ఈ ప్రశ్న అడిగి, "నవంబరు నుంచి మీకు ఈ సమయం అవుతుంది" అని ఇరువైపులా చూపించండి. ఒకే బ్యాచ్‌లో లండన్ పిల్లలు కూడా ఉంటే, యూరప్ గడియారాలు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో మారతాయి కనుక, మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం ముగ్గురి మధ్య దూరాలు మరోలా ఉంటాయి. స్థానిక సమయం, జోన్ పేరు ఉంటే ఇవన్నీ లెక్క వేసుకోవచ్చు. లేకపోతే ఏ తెలివైన కోడూ వాటిని వెనక్కి తేలేదు.

ఇక నియమాన్ని ఎలా రాయాలన్నది. సొంతంగా కాలమ్‌లు కనిపెట్టకండి. క్యాలెండర్ అప్లికేషన్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఐకాలెండర్ ప్రమాణం 1998లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 2445గా వచ్చి, 2009లో ఆర్ఎఫ్‌సీ 5545గా సవరణ పొందింది. అందులో "ఆర్‌రూల్" అనే ఒక వరుస వాక్యం ఉంది: ఎంత తరచుగా, ఎన్నింటికి ఒకసారి, వారంలో ఏ రోజుల్లో, నెలలో ఎన్నో సోమవారమో శనివారమో, ఎప్పటివరకు. ఆ వాక్యాన్ని టెక్స్ట్‌గా ఒకే కాలమ్‌లో పెట్టండి. దాన్ని విప్పి తేదీలు ఇవ్వడానికి పైథాన్‌లో డేట్‌యుటిల్, జావాలో ఐకాల్4జే, జావాస్క్రిప్ట్‌లో ఆర్‌రూల్ జేఎస్, సీ భాషలో లిబ్‌ఐకాల్ ఉన్నాయి. రేపు పాఠశాలవారు "మా తరగతులు ఫోన్ క్యాలెండర్‌లో కనిపించాలి" అని అడిగినప్పుడు మీ దగ్గర ఉన్న వాక్యమే నేరుగా బయటికి వెళుతుంది. అలా అడగని వినియోగదారుణ్ని నేను చూడలేదు.

సర్వర్లలో పనులను వేళకు నడిపే క్రాన్ రాత దీనికి చాలదు. "రెండు వారాలకోసారి" అని అందులో చెప్పలేరు, మొదలూ ముగింపూ ఉండవు. సెకన్ల విరామాలు నెలల దగ్గరే ఓడిపోతాయి. మన బ్యాంకులకు 2015 సెప్టెంబరు 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. వినడానికి "14 రోజులకోసారి" లాగా ఉంటుంది. కానీ అయిదు శనివారాలున్న నెల వస్తే నాలుగో శనివారానికీ వచ్చే నెల రెండో శనివారానికీ మధ్య 21 రోజులు. ఆర్‌రూల్‌లో ఇది నెలవారీ నియమంలో రెండో శనివారం, నాలుగో శనివారం అన్న రెండు గుర్తులు, అంతే.

ప్రమాణంలో ఉన్నవన్నీ తెర మీద పెట్టనక్కర్లేదు. ప్రతిరోజు, వారంలో ఎంచుకున్న రోజుల్లో, రెండు వారాలకోసారి, నెలలో ఫలానా తేదీ, నెలలో రెండో శనివారం వంటిది, ఏటా: ఈ ఆరు చాలు. బయటి నుంచి దిగుమతి చేసుకునే నియమాల్లో సెకనుకోసారి, నిమిషానికోసారి అనేవి వస్తే తిరస్కరించండి. అలాంటి ఒక్క నియమం మీ సర్వర్‌ను కూర్చోబెట్టగలదు.

మూడు చోట్ల మనిషి ఉద్దేశం ఒకటి, ప్రమాణం ప్రవర్తన మరొకటి. "ప్రతి నెల 31న" అంటే ప్రమాణం ప్రకారం ఏడాదికి ఏడుసార్లే వస్తుంది. 31 లేని నెలలను అది దాటేస్తుంది. ఫీజు గుర్తుచేసే సందేశానికి కావలసింది "నెల చివరి రోజు", దానికి మైనస్ 1 అనే గుర్తు ఉంది. తెర మీద 31 ఎంచుకోగానే "చివరి రోజు అనా మీ ఉద్దేశం?" అని అడగండి. రెండోది ఫిబ్రవరి 29: ఆ రోజున మొదలైన ఏటా నియమం లీపు సంవత్సరాల్లోనే వస్తుంది.

మూడోది చాలామందికి తెలియదు. రెండు వారాలకోసారి, మంగళ, ఆదివారాల్లో అన్న నియమంలో వారం ఏ రోజుతో మొదలవుతుందన్న దాన్ని బట్టి తేదీలే మారిపోతాయి. ప్రమాణంలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1997 ఆగస్టు 5 మంగళవారం మొదలై నాలుగుసార్లు రావాలి. వారం సోమవారంతో మొదలైతే ఆగస్టు 5, 10, 19, 24. ఆదివారంతో మొదలైతే 5, 17, 19, 31. ఏమీ చెప్పకపోతే ప్రమాణం సోమవారమే అనుకుంటుంది. మన గోడ క్యాలెండర్లు ఆదివారంతో మొదలవుతాయి కనుక వినియోగదారుడు కళ్లతో లెక్కపెట్టుకున్నది ఆ రెండోది. వారం మొదటి రోజును నియమంలో ఎప్పుడూ స్పష్టంగా రాయండి.

మీది ఫీజు తీసుకునే పాఠశాల కాబట్టి ఇది మరీ ముఖ్యం: "మొత్తం 24 తరగతులు" అన్న మాటను నియమంలోని లెక్కతో చెప్పకండి. ఆర్‌రూల్‌లో 24 అని రాస్తే, రద్దు చేసినవి కూడా ఆ 24లోనే లెక్క. రెండు తరగతులు రద్దయితే పిల్లలకు దక్కేవి 22. తల్లిదండ్రులకు మీరిచ్చిన మాట 24 జరిగిన తరగతులు. అది ఒప్పందానికి సంబంధించిన అంకె, దాని చోటు పిల్లల చేరిక వివరాలుండే నమోదు టేబుల్. సిరీస్‌కు ముగింపు తేదీ పెట్టండి, లేదా ముగింపు లేకుండా వదలండి. జరిగినవి ఎన్నో హాజరు నుంచి లెక్కించండి.

ఇక మీ రెండో ఫిర్యాదు, రద్దు చేసింది మళ్లీ కనిపించడం. దానికి కారణం, మీ దగ్గర "ఇది లేదు" అని రాసుకునే చోటు లేకపోవడం. మినహాయింపులకు వేరే టేబుల్ ఉండాలి. అందులో ఏ సిరీస్, నియమం ప్రకారం అసలు ఎప్పుడు జరగాల్సింది, రద్దా లేక మార్పా, మార్పయితే కొత్త సమయం, కొత్త వ్యవధి, కొత్త గురువు. సిరీస్, అసలు సమయం కలిపి ఒకటే ఉండాలన్న కట్టుబాటు పెట్టండి. తరగతిని శనివారం నుంచి ఆదివారానికి, అక్కడి నుంచి సోమవారానికి మార్చినా, దాని గుర్తింపు మాత్రం ఆ శనివారమే. ఐకాలెండర్‌లో రికరెన్స్ ఐడీ, గూగుల్ క్యాలెండర్ ఏపీఐలో (ఇతర ప్రోగ్రాములు దానితో మాట్లాడే మార్గంలో) అసలు ప్రారంభ సమయం అనే ఫీల్డ్ ఉన్నది ఇందుకే. కొత్త సమయంతో గుర్తించాలని చూస్తే, నియమం మళ్లీ విప్పినప్పుడు ఆ శనివారం తరగతి బతికి వస్తుంది, ఆదివారంది కూడా ఉంటుంది, పిల్లలకు రెండు లింకులు వెళతాయి.

ఈ అసలు సమయాన్ని కూడా స్థానిక గడియారంలోనే దాచండి. ఒక బ్యాచ్‌కు రోజుకు ఒకటికి మించి తరగతి ఉండదని ఖాయంగా తెలిస్తే, నేనైతే స్థానిక తేదీ ఒక్కటే తాళంగా (రికార్డును గుర్తించే విలువగా) వాడతాను. రేపు బ్యాచ్ సమయం ఏడున్నర నుంచి ఎనిమిదికి మారినా, "అక్టోబరు 20న సెలవు" అన్న మినహాయింపు తన చోట తాను నిలుస్తుంది. మార్చని ఫీల్డులను ఖాళీగా వదలండి. ఖాళీ అంటే సిరీస్‌లో ఉన్నదే. అప్పుడు సిరీస్ పేరు మార్చితే, సమయం మాత్రమే మారిన తరగతిలోనూ పేరు మారుతుంది, మనిషి ఎదురుచూసేది అదే.

"ఇకపై అన్నీ మార్చు" అన్న బటన్ దగ్గరే చాలా వ్యవస్థలు చెడిపోతాయి. దీనికి మంచి దారి ఒకటే: సిరీస్‌ను రెండుగా చీల్చడం. పాతదానికి మార్పుకు ముందు రోజు ముగింపు పెట్టండి, కొత్త నియమంతో కొత్త సిరీస్ మొదలుపెట్టండి, "ఫలానా సిరీస్ నుంచి వచ్చింది" అని కొత్తదానిలో రాయండి. గూగుల్ కూడా తన ఏపీఐతో పనిచేసేవారికి ఈ చీల్చే పద్ధతే చెబుతుంది. ఆ పద్ధతిలో చీలిక తరువాతి మినహాయింపులు పోతాయని కూడా చెబుతుంది. మీ పాఠశాలలో అలా పోనివ్వకండి. దసరా సెలవులని అప్పటికే రద్దు చేసిన తరగతులు సమయం మారినంత మాత్రాన తిరిగి రాకూడదు. నేను రద్దులను తేదీ ప్రకారం కొత్త సిరీస్‌కు తీసుకెళతాను. సమయం మార్చిన తరగతులను మాత్రం జాబితాగా చూపించి, వాటిని ఉంచాలా వద్దా అని మనిషినే అడుగుతాను. ఎందుకు మార్చారో వాళ్లకే తెలుసు.

ఇప్పుడు మీరు అడిగిన ఒక్కో తరగతి రికార్డుల సంగతి. అయిదేళ్లకు రాస్తే ఒక బ్యాచ్‌కు 260 రికార్డులు. వంద బ్యాచ్‌లున్నా 26,000. పోస్ట్‌గ్రెస్‌కు అది లెక్కలోకి రాదు, కనుక "రికార్డులు పెరిగిపోతాయి" అన్న భయంతో ఎవరూ ఈ పద్ధతిని కాదనక్కర్లేదు. కాదనాల్సిన కారణం వేరు. అవి మాత్రమే ఉంటే ఉద్దేశం పోతుంది. ఆ 260లో ఏది నియమం వల్ల వచ్చింది, ఏది గురువుగారు చేత్తో జరిపారు, ఏది పొరపాటున మిగిలిందన్నది రెండేళ్ల తరువాత ఎవరూ చెప్పలేరు. ముగింపు లేని బ్యాచ్ అయిదేళ్ల తరువాత చప్పుడు లేకుండా ఆగిపోతుంది.

నియమం మూలంగా ఉన్నప్పుడు మాత్రం ఈ తరగతుల టేబుల్ చాలా ఉపయోగపడుతుంది. అందులో సిరీస్, అసలు తేదీ, యూటీసీలో మొదలు, ముగింపు, స్థితి, ఏ వెర్షన్ నియమం నుంచి వచ్చిందన్నది ఉంచండి. ఇక్కడ యూటీసీ సరైనదే, ఎందుకంటే ఇది ఎప్పుడైనా మళ్లీ తీయగల ప్రతి. హాజరు, రికార్డింగ్ లింకు, గుర్తుచేసే సందేశాలు అన్నీ ఈ రికార్డుకే వేలాడతాయి. రోజుకోసారి నడిచే పని ఒకటి నియమాలను విప్పి ఈ టేబుల్‌ను ముందుకు నింపుతుంది.

ఎంత ముందుకు? కనీసం ఏడాది. మూడు నెలలు చాలని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. మీ పాఠశాలలోనే చూడండి. డాలస్ గడియారంతో నడిచే శనివారం బ్యాచ్ జూన్‌లో గురువుగారికి రాత్రి 7:30 నుంచి 8:30 వరకు. అదే గురువుకు 8:30 నుంచి 9:30 వరకు హైదరాబాద్ బ్యాచ్. జూన్‌లో అంతా సవ్యంగా ఉంటుంది. నవంబరు రాగానే డాలస్ బ్యాచ్ 8:30కు వచ్చి రెండోదాని మీద కూర్చుంటుంది. ఏడాది తరగతులు ముందే తీసి ఉంటే, బ్యాచ్ తయారుచేస్తున్న జూన్ రోజునే ఈ ఘర్షణ బయటపడుతుంది, ఫీజు తీసుకోకముందే మాట్లాడుకోవచ్చు.

ఆ ఘర్షణను పట్టుకునే పని డేటాబేస్‌కే అప్పగించండి. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కట్టుబాటు ఉంది: గురువు ఒకరే అయి, సమయ పరిధులు ఒకదానిమీదొకటి పడితే రెండో రికార్డును రానివ్వదు. గురువు ఐడీని కూడా అదే ఇండెక్స్‌లో కలపడానికి బీట్రీ జిస్ట్ ఎక్స్‌టెన్షన్ కావాలి. పరిధిలో మొదలు కలిసి, ముగింపు కలవకుండా రాయండి; అప్పుడు 8:30కి ముగిసేది, 8:30కి మొదలయ్యేది కొట్టుకోవు. రద్దయిన తరగతులకు ఇది వర్తించకుండా షరతు పెట్టవచ్చు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. రోజువారీ పని రెండుసార్లు నడిచినా నకళ్లు రాకూడదని "ఘర్షణ వస్తే ఏమీ చేయకు" అన్న వాక్యం ఇన్‌సర్ట్‌కు (రికార్డు చేర్చే ఆదేశానికి) తగిలిస్తారు. ఏ కట్టుబాటుతో ఘర్షణో చెప్పకుండా రాస్తే అది సమయాల ఘర్షణను కూడా మింగేస్తుంది. తరగతి రికార్డే పుట్టదు, లాగ్‌లో ఒక్క మాట కనిపించదు, పిల్లలు లాగిన్ అయి ఎదురుచూస్తారు. సిరీస్, అసలు తేదీ అనే జంటను ఆ వాక్యంలో స్పష్టంగా పేర్కొనండి. సమయాల ఘర్షణ లోపంగా బయటికి రావాలి. దాన్ని పట్టుకుని, ఆ తరగతిని "ఘర్షణ" అనే స్థితితో రాసి, పైన చెప్పిన షరతులో ఆ స్థితిని కూడా మినహాయించి, గురువుగారి తెర మీద ఎర్రగా చూపించండి.

నియమం మారినప్పుడు భవిష్యత్తులోని, ఏమీ వేలాడని రికార్డులను చెరిపి మళ్లీ తీయండి. టైమ్ జోన్ డేటా కొత్త విడుదల వచ్చినప్పుడూ ఇదే పని. గతాన్ని మాత్రం తాకకండి. నేను చూసిన ఒక క్లినిక్ వ్యవస్థలో గతానికి రికార్డులే లేవు. పాత అపాయింట్‌మెంట్లను కూడా ఇవాళ్టి నియమం నుంచే విప్పి చూపేవారు. డాక్టరు సాయంత్రం వేళలు మార్చుకోగానే, గత నెలల రిపోర్టుల్లో రోగులు డాక్టరు లేని వేళల్లో వచ్చినట్టు కనిపించింది, బిల్లుల సమయాలతో ఏదీ కలవలేదు. లెక్కలు చూసే ఉద్యోగులు కాగితం రిజిస్టర్లు ముందేసుకుని వారాల తరబడి సరిచూడాల్సి వచ్చింది. జరిగిన తరగతి రికార్డులో సమయం, గురువు, పేరు అన్నీ నకలు చేసి నిలిపి ఉంచండి, సిరీస్ నుంచి అరువు తెచ్చుకోవద్దు.

నెల క్యాలెండర్ చూపించే క్వెరీ ఇక తేలిక. ఏడాదిలోపు అయితే తరగతుల టేబుల్ నుంచి పరిధి ప్రకారం తీయడమే. అంతకు మించి ఎవరైనా ముందుకు వెళితే, మొదలు తేదీ ఆ నెల ముగిసేలోపు ఉండి, ముగింపు తేదీ ఖాళీగానో ఆ నెల మొదలయ్యాకో ఉన్న సిరీస్‌లను తీసి అప్పటికప్పుడు విప్పి చూపండి. ఇందుకోసం ముగింపు తేదీని నియమం వాక్యంలోనే కాక వేరే కాలమ్‌లో కూడా ఉంచండి. నియమం వాక్యం లోపల ఎస్‌క్యూఎల్‌తో వెతకాలని ఎన్నడూ ప్రయత్నించకండి.

సంగీత పాఠశాల అన్నారు కాబట్టి తిథుల గురించి చెప్పకుండా వదలలేను. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు. 2024లో అది జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న. ఉగాది 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. ఇవి ఏటా వచ్చేవే, కానీ ఏ ఆర్‌రూల్ వాక్యంతోనూ రావు. 2015లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7529 చైనా, హీబ్రూ వంటి ఇతర క్యాలెండర్లకు నియమాలు రాసే వీలు కల్పించింది. అది ఆధారపడే యూనికోడ్ సంస్థ క్యాలెండర్ల జాబితాలో "ఇండియన్" అన్న పేరు చూసి ఆశపడకండి. అది ప్రభుత్వం 1957లో స్వీకరించిన జాతీయ శక క్యాలెండర్, సౌరమానం, అందులో తిథి లేదు.

ఇలాంటి వాటికి నియమం బదులు తేదీల జాబితానే దాచండి. ఐకాలెండర్‌లో దీనికి ఆర్‌డేట్ అని చోటు ఉంది. మీ డేటాబేస్‌లో "అదనపు తేదీలు" అనే చిన్న టేబుల్ చాలు: సిరీస్, స్థానిక తేదీ, అది ఎవరు ఏ పంచాంగం చూసి రాశారు. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పాఠశాలవారే నింపుకునే తెర ఇవ్వండి. తిథిని సొంతంగా గణించే కోడ్ రాయాలని ఉబలాటపడకండి. సూర్యోదయానికి ఉన్న తిథి లెక్క ఊరిని బట్టి మారుతుంది, కాబట్టి డాలస్‌లోని కుటుంబానికి పండుగ మనకంటే ఒక రోజు తేడాతో రావచ్చు. 2023లోలాగా అధిక శ్రావణం వచ్చిన ఏడాది ఏ మాసంలో ఏది జరపాలో సంప్రదాయం తెలిసినవారే చెప్పాలి. ఆ నిర్ణయం వాళ్లది, దాన్ని నమ్మకంగా దాచడం మీ పని.

ఇప్పుడున్న డేటాను ఇలా మార్చండి. ప్రతి బ్యాచ్ మొదటి యూటీసీ సమయాన్ని, ఆ బ్యాచ్ ఎవరి గడియారంతో నడవాలో ఆ జోన్‌లోకి మార్చి స్థానిక సమయం తీయండి. ఆ జోన్ ఏదో డేటాలో లేదు కాబట్టి ఒక్కో బ్యాచ్‌కూ గురువుగారినే అడిగి తెలుసుకోవాలి; పిల్లల ఫోన్ నంబర్లు చూసి ఊహించవద్దు. 604800 ఉన్నవన్నీ వారం నియమాలవుతాయి, రెట్టింపు ఉన్నవి రెండు వారాలకోసారి. 2592000 వంటి అంకె కనిపిస్తే, అది 30 రోజులు, దాన్ని నెలవారీ అనుకునే ముందు అడగండి. ఇంతవరకు జరిగిన తరగతులను హాజరు నుంచి తీసి, ఉన్నది ఉన్నట్టు తరగతుల టేబుల్‌లో నిలపండి, అవి పాత తప్పు సమయాల్లో జరిగి ఉన్నా సరే. తరువాత కొత్త నియమాలతో ముందుకు ఏడాది నింపండి.

పాతదాన్ని ఆపే ముందు టెస్టులు రాయండి: డాలస్ బ్యాచ్‌కు 2026 మార్చి 8, నవంబరు 1 చుట్టుపక్కల వారాలు, సోమవారం తెల్లవారుజాము తరగతి, నెల 31, 2028 ఫిబ్రవరి 29, వారానికి రెండు రోజులుండి రెండు వారాలకోసారి వచ్చేది, మార్చిన తరగతిని మళ్లీ మార్చడం, సెలవులున్న సిరీస్‌ను మధ్యలో చీల్చడం. ఒక వారం పాటు రెండు పద్ధతుల ఫలితాలనూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి తరగతినీ పాఠశాలవారికి చూపండి. మీ సిరీస్ టేబుల్ ఇప్పుడు ఎలా ఉందో కాలమ్‌లతో సహా ఇక్కడ పెడితే, మినహాయింపుల టేబుల్‌కు తాళం తేదీ పెట్టాలా, సమయం కూడా కలపాలా అన్నది చూసి చెబుతాను.